పది మార్కుల ప్రశ్న

సావనీరుకు ఏదైనా వ్రాసి ఇవ్వమని మా యూనియన్ సాహిత్య కార్యదర్శి పదిహేను రోజులుగా వెంటపడుతున్నాడు. కవిత వ్రాద్దామంటే నాకు మాట కుదరదు. ప్రేమకథ వ్రాస్తే అది ఎవరిదో మర్నాటికల్లా హాస్టలు మెస్సులో పేర్లతో సహా తేల్చేస్తారు. "అక్కా, సైన్సు వ్యాసమైనా ఫరవాలేదు, రెండు పేజీలు నిండితే చాలు" అన్నాడు చివరికి. ఆ "అయినా" అన్న మాట నాకు గుచ్చుకున్నది. కాబట్టి కసికొద్దీ, పరీక్షల్లో ఏటేటా తప్పకుండా కనిపించే ప్రశ్ననే తీసుకున్నాను. "కేంద్రకపూర్వ కణ నిర్మాణమును, లక్షణములను పటసహాయముతో వివరింపుము. 10 మార్కులు."

ఈ ప్రశ్నకు ఇంటరులో ఒకసారి, డిగ్రీలో రెండుసార్లు జవాబు వ్రాశాను. మార్కులు బాగానే పడ్డాయి. కాని ఆ జవాబు నాకు నిజంగా బోధపడింది కిందటేడు చలికాలంలో, సంగారెడ్డిలో ఒక ఆసుపత్రి వరండాలో. అమ్మ మూత్రపరీక్ష రిపోర్టు చేతిలో ఉన్నది. పక్కన మా నాయన కూర్చున్నాడు.

అక్కడికి వెళ్లేముందు ఆ కణం సంగతి కొంచెం చెప్పాలి. సైన్సు చదవని మిత్రులు ఓపిక పట్టాలి.

మన పుస్తకాలు ఈ కణాన్ని పరిచయం చేసే తీరే విచిత్రం. ఏమున్నదో చెప్పరు, ఏమి లేదో చెబుతారు. కేంద్రకం లేదు. కేంద్రక త్వచం లేదు. మైటోకాండ్రియా లేవు. గాల్జీ లేదు. త్వచంతో ఆవరించిన కణాంగమన్నదే లేదు. పిల్లను చూడవచ్చిన పెళ్లివారు ఇంట్లో ఏమేమి లేవో వేళ్ల మీద లెక్కపెట్టినట్టుంటుంది. పేరులో కూడా చులకనే. "కేంద్రకపూర్వ" అంటే ఇంకా కేంద్రకం దాకా ఎదగనిది అని. ఆ మాటను 1925లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు షాటన్ వాడాడు. 1962లో స్టేనియర్, వాన్ నీల్ అనే ఇద్దరు దానికి గట్టి నిర్వచనం ఇచ్చారు. 1977లో కార్ల్ వోజ్ వచ్చి, కేంద్రకం లేనివన్నీ ఒకే కులం కాదు, బాక్టీరియా వేరు, ఆర్కియా వేరు అని తేల్చేదాకా అన్నిటినీ ఒకే గాటన కట్టేశారు. నేను చెప్పబోయేది బాక్టీరియా గురించే.

మా పేగుల్లో, మీ పేగుల్లో కాపురం ఉండే ఇ. కోలైనే తీసుకోండి. పొడవు రెండు మైక్రాన్లు. ఒక మిల్లీమీటరులో ఐదువందలు వరసగా నిలబడతాయి. దానికి క్రోమోజోము ఒక్కటే, ఉంగరంలాగా గుండ్రం. అందులో సుమారు 46 లక్షల బేస్ జతలు. ఆ దారాన్ని సాగదీస్తే ఒకటిన్నర మిల్లీమీటర్లు వస్తుంది, అంటే కణం పొడవుకు ఏడువందల రెట్లకు పైన. అంత దారాన్ని గది లేకుండా, తలుపు లేకుండా, కణం నడుమ మెలికలుగా చుట్టి పెట్టుకుంటుంది. ఆ చోటికే న్యూక్లియాయిడ్ అని పేరు.

మన కణంలో జన్యువు కేంద్రకం లోపల ఉంటుంది. అక్కడ దానికి నకలు తీసి, దిద్ది, బయటికి పంపితే అప్పుడు రైబోసోము ప్రొటీను తయారు చేస్తుంది. జిల్లా ఆఫీసు నుంచి ఆర్డరు మండలానికి దిగినట్టు. బాక్టీరియాలో ఆ బాధ లేదు. నకలు ఇంకా సగంలో ఉండగానే రైబోసోములు వచ్చి దాన్ని పట్టుకొని పని మొదలుపెడతాయి. సంతలో బేరంలాగా అంతా అక్కడికక్కడే. తిండి, వెచ్చదనం సరిపోతే ఇరవై నిమిషాలకు ఒకటి రెండవుతుంది. పుస్తకం "లేదు" అని జాలిపడిన చోటనే దాని బలమున్నదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇక మా ఊరి సంగతి. పటాన్‌చెరు అనగానే మన కాలేజీలో కొందరు ముక్కు మూసుకున్నట్టు అభినయిస్తారు. సెలవుకు ఇంటికి పోవాలంటే కోఠీలో 218 బస్సెక్కాలి. ఒకప్పుడు చివరి స్టాపులు వస్తున్నాయని వాసనే చెప్పేదని మా నాయన అంటాడు. మాది ఇసకవాగు దగ్గరి ఊరు. ఇసకవాగు పోయి నక్కవాగులో, నక్కవాగు పోయి మంజీరలో కలుస్తాయి. 1970ల నుంచి మా వైపు ఫ్యాక్టరీలు వచ్చాయి. ఎక్కువగా బల్కు డ్రగ్గులవి, అంటే గోళీగా చేయకముందు ఉండే అసలు మందు పొడి. మా నాయన అటువంటి ఒకదానిలో ఇరవై రెండేళ్లు పనిచేశాడు. మొదట హెల్పరు, తరువాత డ్రయ్యరు మీద, చివర ప్యాకింగులో. సి షిఫ్టు చేసి తెల్లారి ఇంటికొస్తే చాయ తాగినా చేదుగానే ఉండేదట. "ఆ పొడి గొంతుల కూసుంటది బిడ్డా, బెల్లం తిన్నా పోదు" అనేవాడు. ఆ చేదుతోనే నా ఫీజులు కట్టాడు. ఫ్యాక్టరీలను తిట్టే వ్యాసం అనుకొని చదవబోయేవారికి ఈ మాట ముందే చెప్పడం న్యాయం.

బి.ఎస్సీ. రెండవ ఏట మొదటిసారి గ్రామ్ రంగులు వేసినప్పుడు నా వేళ్లు వారం రోజులు ఊదాగా ఉన్నాయి. 1884లో డెన్మార్కు వైద్యుడు గ్రామ్ కనిపెట్టిన పద్ధతి అది. క్రిస్టల్ వయొలెట్, అయోడిన్, తరువాత ఆల్కహాలు, చివర సాఫ్రనిన్. కణకవచం మందంగా ఉంటే ఊదారంగు నిలుస్తుంది. పలచటి కవచం, దాని పైన ఇంకొక బయటి త్వచం ఉంటే ఊదా కడుక్కుపోయి గులాబి మిగులుతుంది. ఇ. కోలై గులాబి జాతి. ఆ కవచం పెప్టిడోగ్లైకాన్‌తో అల్లిన వల. మన కణాలకు అట్లాంటిది లేనే లేదు. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ మందులు ఆ వల ముడులు పడకుండా చేస్తాయి. ముడులు పడని గోడ కణం పెరిగే కొద్దీ పగిలిపోతుంది. మందు మనను వదిలి దాన్నే కొట్టడంలో రహస్యం అదే.

ఆ రోజు ప్రాక్టికల్సు నుంచి ఇంటికొచ్చి నాయనకు ఈ ముచ్చట చెబితే, "మా పక్క ప్లాంటుల సెఫలోస్పోరిన్లే చేస్తుండిరి. లోపటికి పోతె మళ్ల బట్టలు మార్చుకొనే రావాలె" అన్నాడు. అప్పటినుంచి నాకొక అలవాటైంది. పటంలో ఒక్కొక్క భాగానికి గీత గీసి పేరు వ్రాసేటప్పుడు, దాని పక్కన మనసులోనే ఒక మందు పేరు వ్రాసుకునేదాన్ని.

రైబోసోములు తీసుకోండి. బాక్టీరియావి 70ఎస్, మనవి 80ఎస్. 70ఎస్ లోపల రెండు ముక్కలు, 50ఎస్, 30ఎస్. యాభై, ముప్ఫై కలిపితే ఎనభై గదా అని క్లాసులో అడిగి తిట్లు తిన్నాను. ఎస్ అన్నది బరువు కాదు, యంత్రంలో గిర్రున తిప్పితే ఎంత వేగంగా అడుగుకు దిగుతుందో చెప్పే కొలత. రెండూ ఒకదానికొకటి అతుక్కొని దిగితే లెక్క మారుతుంది. ఆ 30ఎస్ ముక్కను పట్టుకొని కదలనివ్వని మందు టెట్రాసైక్లిన్. ఆ కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. 1948లో అమెరికాలో లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చింది. కనిపెట్టింది డగ్గర్ అనే ముసలి వృక్షశాస్త్రజ్ఞుడు, ఆ పరిశోధనలకు పెద్దదిక్కుగా నిలిచింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ మందు పుట్టింది స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బాక్టీరియా నుంచి. అదీ కేంద్రకం లేనిదే. తొలకరి వాన పడగానే వచ్చే మట్టివాసన కూడా చాలావరకు ఆ జాతి పెట్టిన భిక్షే.

ఇక సిప్రోఫ్లాక్సాసిన్. ఇది మా నాయన చేతుల మీదుగా పోయిన మందు. నులకమంచం అల్లేటప్పుడు చూడండి, నులక విప్పుతుంటే ముందుభాగాన మెలికలు బిగుసుకుంటాయి. డి.ఎన్.ఏ. దారానికీ అదే తంటా. ఆ బిగువు తీయడానికి బాక్టీరియాకు జైరేజ్ అనే ఎంజైము ఉంది. దారాన్ని తెంపుతుంది, రెండవ పోగును సందులోంచి దాటిస్తుంది, మళ్లీ అతికిస్తుంది. సిప్రో ఏం చేస్తుందంటే, తెంపిన తరువాత అతికించనివ్వదు. ఇంకేమున్నది, దారం ముక్కలైపోతుంది.

కశాభాలు ఈదడానికి, గుళిక దాక్కోవడానికి, కొన్ని జాతుల్లో గడ్డుకాలం గట్టెక్కడానికి అంతస్సిద్ధబీజం. ఇవి ఏ గైడులోనైనా దొరుకుతాయి. మీసోసోముల గురించి మాత్రం ఒక మాట. పటంలో త్వచం లోపలికి ముడుచుకున్నట్టు గీసి మీసోసోము అని వ్రాయకపోతే ఒక మార్కు పోతుందని నాకు నేర్పారు. నిజానికి అది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కోసం కణాన్ని రసాయనాల్లో నానబెట్టినప్పుడు పుట్టే ముడత. బ్రతికిన కణంలో లేదు. ఈ సంగతి తెలిసి నలభై ఏళ్లయింది. నేను మాత్రం పరీక్షల్లో గీస్తూనే వచ్చాను. మార్కు మార్కే గదా!

అమ్మకు జ్వరం, చలి, మూత్రంలో మంట. మొదట ఎవరికీ చెప్పలేదు. మా ఇళ్లల్లో ఆడవాళ్లు ఇట్లాంటివి చెప్పుకోరు. మెడికల్ షాపులో అడిగి రెండు గోళీలు వేసుకున్నది. తగ్గినట్టయితే మానేసింది, తిరగబెడితే ఇంకో రెండు. నాకు ఫోను చేసేసరికి నడుము నొప్పితో మంచం దిగలేని స్థితిలో ఉన్నది. ఆసుపత్రిలో కల్చరుకు పంపారు. మూడోనాడు రిపోర్టు వచ్చింది. ఇ. కోలై, మిల్లీలీటరుకు లక్షకు పైన. కింద మందుల పేర్ల పట్టీ, ఒక్కొక్కదాని ఎదుట ఒక అక్షరం. ఎస్ అంటే లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు.

నాయనకు ఇంగ్లీషు రాదు. కాని మందుల పేర్లు గుర్తుపడతాడు. డ్రమ్ముల మీద లేబుళ్లు అంటించి అంటించి నేర్చుకున్నాడు. వేలు పెట్టి ఒక్కొక్క వరస దిగుతూ వచ్చి ఒక చోట ఆగాడు.

"ఇది సిప్రో గదా బిడ్డా. దీని పక్కపొంటి ఆర్ ఎందుకు పెట్టిన్రు?"

"ఆ మందుకు అది చావదు నాయనా."

కొంచెంసేపు ఏమీ అనలేదు. తరువాత, "డ్రమ్ములకు డ్రమ్ములు నా చేతుల మీదికెల్లి పోయినయి. ఏడేడి దేశాలకో పోయినయి. మీ అమ్మకే పనిజెయ్యదా?" అన్నాడు.

పది మార్కుల జవాబు వచ్చిన నాకు ఆ ప్రశ్నకు ఒక్క మార్కు జవాబు తోచలేదు. సంచిలోంచి నోటుపుస్తకం తీసి, వెనక పేజీలో కణం బొమ్మ గీశాను. గోడ, త్వచం, రైబోసోముల చుక్కలు, నడుమ పెద్ద చుట్ట. సిప్రో పట్టుకునే జైరేజ్‌లో ఒకటి రెండు చిన్న మార్పులు జరిగితే చాలు, మందు పట్టు జారిపోతుందని చెప్పాను. కోట్లలో ఒకదానికి అట్లా పొరపాటున మారుతుంది. మందు మిగతావాటిని చంపితే ఆ ఒక్కదానికి చోటు, తిండి రెండూ దొరుకుతాయి. ఇరవై నిమిషాలకొక రెట్టింపు లెక్కన తెల్లారేసరికి ఊరంతా దానిదే.

బొమ్మలో పెద్ద చుట్టకు పక్కన చిన్న ఉంగరం ఒకటి గీశాను. నాయన దాని మీద వేలు పెట్టి, "ఇదేంది, ఇడిగా ఉన్నది?" అన్నాడు.

దాని పేరు ప్లాస్మిడ్. ఆయనకు అర్థం కావాలని ఇట్లా చెప్పాను. పెద్ద చుట్ట ఇంటి పట్టాలాంటిది, తాతముత్తాతల నుంచి వచ్చేది. ఈ చిన్న ఉంగరం చేబదులు. ఒక కణం ఇంకొకదానికి సన్నటి గొట్టం చాచి దగ్గరికి లాక్కొని, ఆ ఉంగరానికి నకలు తీసి ఇచ్చేస్తుంది. ఇచ్చినదాని దగ్గర ఏమీ తగ్గదు. అదే జాతి కానక్కరలేదు కూడా. కణాలు కలిసి జన్యువులు పంచుకుంటాయని 1946లో లెడర్‌బర్గ్, టాటమ్ ఈ ఇ. కోలైలోనే చూపించారు. రిపోర్టులో సెఫిక్సిమ్ పక్కన కూడా ఆర్ ఉన్నది గదా, ఆ జాతి మందులను విరగ్గొట్టే ఎంజైము జన్యువు తరచుగా ఇట్లాంటి ఉంగరం మీదనే ఉంటుంది. ఒకే ఉంగరం మీద నాలుగైదు మందుల విరుగుడు కూడా ఉండవచ్చు.

"అయితే అవి కలుసుకునే జాగ ఏడున్నది?" అన్నాడు.

ఆయన ఊరికే అడిగాడో, తెలిసే అడిగాడో నాకు తెలియదు. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లార్సన్, ఆయన సహచరులు పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి ఒక పత్రం అచ్చువేశారు. దాదాపు తొంభై బల్కు డ్రగ్గు ఫ్యాక్టరీల మురుగు అప్పుడు అక్కడికి వచ్చేది. శుద్ధి చేసిన తరువాత కూడా ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రో ఉన్నది. గోళీ మింగిన రోగి రక్తంలో గరిష్ఠంగా ఉండేదానికన్నా అది ఎక్కువ. రోజుకు 45 కిలోలు పోతున్నదని వాళ్ల అంచనా. దేశం మొత్తం కలిపి స్వీడన్ ఐదురోజుల్లో వాడేంత. 500 మిల్లీగ్రాముల గోళీలుగా నేను లెక్కవేస్తే 90 వేలు వచ్చాయి. 2011లో అదే బృందంవారు దిగువన వాగు అడుగు మట్టిలోని డి.ఎన్.ఏ.ను చదివితే, మందులకు లొంగనివ్వని జన్యువులు కుప్పలుగా కనిపించాయి. వాటిని మోసే ప్లాస్మిడ్లు కూడా దొరికాయి. అందులో రెండు అంతకుముందు ఎవరూ వర్ణించనివి. 2013లో వేరొక పత్రంలో, ఆ కేంద్రంలో పెరిగిన బాక్టీరియా రకాల్లో నూటికి 86 ఇరవై, అంతకుమించిన మందులకు లొంగలేదని వ్రాశారు. ఆ తరువాత ఆ నీటిని పైపులైను ద్వారా అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి మళ్లించారు.

ఇవి నాయనకు చెప్పాలా వద్దా అని తటపటాయించాను. చివరికి చెప్పాను. కాని ఇంకొక మాట కూడా చెప్పాను, సైన్సు చదివినందుకు చెప్పక తప్పదు కాబట్టి. అమ్మ ఒంట్లోని ఇ. కోలై వాగు నుంచే వచ్చిందని ఈ రిపోర్టు చెప్పదు. అది హైదరాబాదు నుంచి రావచ్చు, కోడిమాంసం నుంచి రావచ్చు. మెడికల్ షాపులో రెండేసి గోళీలు కొని సగంలో మానేసిన మనమే దాన్ని పెంచి ఉండవచ్చు. ఒక ఉంగరం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో దాని మీద వ్రాసి ఉండదు.

"ఊకో బిడ్డా, కోర్టుల చెప్పినట్టు చెప్తున్నవ్" అన్నాడు.

వార్డులో అమ్మ దగ్గర మా నాయనమ్మ కూర్చున్నది. మా మాటలు విని, "పురుగులన్ని చెడ్డయే ఉంటయా?" అన్నది. ఆమె వయసులో ఉన్నప్పుడు ఇక్రిశాట్ పొలాల్లో కూలికి పోయేది. 1972లో మా దగ్గర పెట్టిన ఆ అంతర్జాతీయ కేంద్రంలో జొన్న, సజ్జ, సెనగ, కంది, పల్లి మీద పరిశోధనలు చేస్తారు. పల్లిచెట్లు పీకితే వేళ్లకు బుడిపెలు కనపడి, తెగులనుకొని గిల్లి పారేయబోతే అక్కడి సారు ఒకాయన పరుగున వచ్చి ఆపాడట. "అవి భూమికి ఎరువు పెడ్తయమ్మా అన్నడు. గిల్లితె లోపట రక్తం లెక్క ఎర్రగ ఉండె." నాయనమ్మ చూసిన ఎరుపు లెగ్‌హిమోగ్లోబిన్. ఆ బుడిపెల్లో ఉండేది రైజోబియం కోవకు చెందినది, గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియా. గులాబి జాతిదే, ఇ. కోలైకి దూరపు చుట్టం. మొక్కవేరుతో కుదిరే జన్యువులను కొన్ని రైజోబియం రకాలు ప్లాస్మిడ్ల మీదనే మోస్తాయి. అదే ఉంగరం, అదే చేబదులు. ఎమ్మెస్సీలో చదివిన ఈ సంగతి ఆమె ముందు చెబుదామనుకున్నాను. కాని ఆమె అప్పటికే అమ్మకు గంజి పట్టించే పనిలో పడ్డది.

పట్టీలో ఎస్ అని ఉన్నవి మూడే మందులు. అందులో ఒకటి ఇంజెక్షను, రోజూ నరానికి. అమికాసిన్. అది కూడా 30ఎస్ ముక్కనే పట్టుకుంటుంది, మూత్రపిండాల మీద కన్నేసి ఉంచాలి. ఏడురోజులు ఎక్కించారు. రోజూ పొద్దున డాక్టరమ్మ వచ్చినప్పుడల్లా నాయన లేచి నిలబడేవాడు. మూడోనాడు జ్వరం దిగింది. నాలుగోనాడు అమ్మ నన్ను, "పరీక్షలు పెట్టుకొని ఈడ కూసున్నవేందే" అని కసిరింది. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. పటం గీసి మీసోసోము దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగింది. గీయలేదు. దాని చోటున ప్లాస్మిడ్ కొంచెం పెద్దగా గీశాను. ఎనిమిది మార్కులు వచ్చాయి.

సంక్రాంతికి ఇంటికి పోతే రెండో కల్చరు రిపోర్టు చూపించారు. "పెరుగుదల లేదు" అని ఒకటే వరస. "అంటే అన్నీ సచ్చినయా?" అని అడిగాడు నాయన. చచ్చి ఉండవచ్చు, లెక్కకు అందనంత తక్కువైనా ఉండవచ్చు అన్నాను. తలూపి, ఆ కాగితాన్ని మడిచి రేషన్ కార్డు, పి.ఎఫ్. కాగితాలు ఉండే ప్లాస్టిక్ కవరులో పెట్టాడు. అందులో నా నోటుపుస్తకంలోంచి చింపిన పేజీ కూడా ఉన్నది. చిన్న ఉంగరం చుట్టూ ఎవరో పెన్సిలుతో ఇంకొక గీత దిద్దారు.